సెల్ఫ్ కొట్టే ముందు రెండు చుట్లు

నలభై ఏళ్ళు కార్లు బాగుచేశాను. ఇప్పటికీ కారు తాళం తిప్పడమంటే నాకు భయం. మా అల్లుడి పక్కన ముందు సీట్లో కూర్చుంటే, అతను తాళం తిప్పేలోగా నా కళ్ళు బానెట్ వైపు, ముందు చక్రాల వైపు పోతాయి. అక్కడ ఎవరూ ఉండరని తెలుసు. అయినా ఇంజన్ పలికేదాకా ఊపిరి బిగబట్టే కూర్చుంటాను. ఇంట్లోవాళ్ళకు ఇది అలవాటైపోయింది. ఏమిటని అడగడం మానేశారు.

నేను ఏ ఏడాది ఫోర్‌మన్ అయ్యానో, ఎవరు నాకు శాలువా కప్పారో ఇక్కడ రాయను. వాటివల్ల ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు ఒరిగేదేమీ లేదు. ఒక పని గురించి, ఒక మనిషి కుడిచేతి గురించి, నేను చెప్పిన ఒక అబద్ధం గురించి రాస్తాను. మిగతాదంతా మీరు షెడ్డులో నేర్చుకుంటారు.

చేతికి తెలిసేది

ముందు పని సంగతి. కారు ఇంజన్‌లో పిస్టన్లు కిందా మీదా ఆడుతుంటాయి. వాటికి పైన వాల్వులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. పిస్టను పైకి వచ్చేసరికి వాల్వు తప్పుకొని ఉండాలి. ఆ ఒప్పందాన్ని కాపాడేది టైమింగ్ బెల్టు. పళ్ళున్న రబ్బరు పట్టీ అది. పాతది తీసి కొత్తది వేసేటప్పుడు ఒకటి రెండు పళ్ళు అటూ ఇటూ జరిగాయనుకోండి, చాలా ఇంజన్లలో పిస్టను వచ్చి వాల్వును గుద్దుతుంది.

అందుకే బెల్టు బిగించాక వెంటనే తాళం తిప్పకూడదు. పిస్టన్ల కింద తిరిగే ఇరుసు, అంటే క్రాంకు, చివర ఉన్న పుల్లీ బోల్టుకు స్పానరు తగిలించి, ఇంజన్ను చేత్తో, మెల్లగా, రెండు నిండు చుట్లు తిప్పాలి. ఒకటి కాదు, రెండు. కింద క్రాంకు రెండుసార్లు తిరిగితేగాని పైన వాల్వులను ఆడించే కాంషాఫ్టు ఒక్కసారి తిరగదు. ఒక్క చుట్టుతో ఆపితే సగం తప్పులు లోపలే దాక్కుంటాయి.

తిప్పేటప్పుడు మధ్యలో బిగువు వస్తుంది. అది రెండు రకాలు. ఒకటి సిలిండర్‌లో నలుగుతున్న గాలిది. గాలి నింపిన ట్యూబును అరచేత్తో నొక్కినట్టు మెత్తగా ఎదురు తోస్తుంది, కాసేపు పట్టుకుంటే తనే సడలుతుంది. రెండోది ఇనుము ఇనుమును తాకినది. అది తోయదు, సడలదు. చీకట్లో నడుస్తూ గోడకు తగిలినట్టు ఉంటుంది. అక్కడే ఆగాలి. ఇంకొంచెం బలం పెడదామని ఎవడికి అనిపిస్తుందో వాడు ఈ పనికి పనికిరాడు. చెయ్యి ఆగినచోట ఆగితే బెల్టు విప్పి మళ్ళీ వేసుకోవచ్చు. చెయ్యికి బదులు, తాళం తిప్పగానే ఇంజన్ను తిప్పే సెల్ఫ్ మోటారు ఆ పని చేస్తే, దానికి ఆగడం తెలియదు. వాల్వులు వంగిపోతాయి.

ఇంకొకటి. స్పానరు బోల్టు మీద ఉన్నంతసేపూ బ్యాటరీ తీగ విప్పి ఉండాలి. ఈ వాక్యాన్ని మీరు రెండోసారి చదవండి.

నాయుడుగారి షెడ్డు

నేను పని నేర్చింది చూలైలో, ఒక ఇరుకు సందు చివర, నాయుడుగారి షెడ్డులో. మా రెండు కుటుంబాలూ ఎన్నో తరాల కిందట తెలుగునేల వదిలి ఈ తమిళ ఊరు చేరినవే. షెడ్డులో అందరూ ఆయన్ను మొదలాళి అనేవారు, అంటే యజమాని. ఆయన చెయ్యి మంచిది. నోరు కూడా చెడ్డదేం కాదు. ఆయన లోపం ఒక్కటే. తనకు తెలిసినదానికి కారణం చెప్పేవాడు కాదు.

బెల్టు పని అయిన ప్రతి బండికీ ఒక తంతు ఉండేది. పంచాంగం చూసి వేళ పెట్టేవాడు. కర్పూరం వెలిగించి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి, వంగి స్పానరు పట్టుకునేవాడు. “ఇది పిళ్ళైయారుకు” అంటూ వినాయకుడి పేర ఒక చుట్టు. “ఇది అమ్మవారికి” అంటూ ఇంకో చుట్టు. ఆ తర్వాతే తాళం.

చూడండి, మెకానిక్కు ప్రాణంలాంటి రెండు చుట్లను ఆయన కర్పూరానికీ నిమ్మకాయకూ మధ్య కట్టిపెట్టాడు. తనకు నేర్పినవాడు అలాగే నేర్పి ఉంటాడు. కారణం ఎక్కడో దారిలో రాలిపోయింది. మొక్కు మిగిలింది.

నాకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఆదివారం సాయంత్రాలు హేతువాద సభలకు పోయేవాణ్ణి. ముహూర్తాలు, జాతకాలు, కులాలు, అన్నింటినీ నిలదీసే మాటలు అక్కడ విన్నాను. నా బుర్రను కడిగిన మాటలవి. వాటిని ఈరోజుకీ వదులుకోలేదు, వదులుకోను. కాని ఆ వయసులో నేను సభలో నేర్చుకున్నది సగమే. ఎగతాళి చేయడం నేర్చుకున్నాను. విచారించడం నేర్చుకోలేదు. నాయుడుగారి తంతును చూసి, అదంతా ఒకే మూట అనుకున్నాను. కర్పూరంతో పాటు రెండు చుట్లనూ చెత్తలో వేశాను. “ఇంజన్‌కు ప్రదక్షిణాలేంది మొదలాళీ? పుల్లీల మీది మార్కులు సరిపోయినాయా లేదా, అంతే కదా?” అనేవాణ్ణి. ఆయన ఒక్కసారి, “లోపల తగులుతుందేమో చూసేదానికిరా” అని ఉంటే ఈ కథే లేదు. ఆయన అన్నది వేరు. “నోరు కడుక్కో పోరా, కళ్ళు పోతాయి.”

షెడ్డులో నాకు దగ్గరివాడు మునుసామి. నాకంటే మూడేళ్ళు పెద్ద. అతని కుడిచెయ్యిలాంటి చెయ్యి నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. బోల్టు ఎంత బిగిసిందో వేళ్ళతో చెప్పేవాడు. సిలిండరు బోరులో మనం కంటితో వెతికే గీతను కళ్ళు మూసుకొని గోటితో పట్టేవాడు. భార్య, చిన్నకూతురు, ముసలి తల్లి, అందరూ ఆ చేతి మీదే బతికేవారు. అతనికి దేవుళ్ళంటే భక్తి, నేనంటే ఇష్టం. రెండూ ఒకదానికొకటి అడ్డమని అతనికెప్పుడూ అనిపించలేదు.

ఆ శుక్రవారం

ఒక శుక్రవారం పొద్దున ఒక చిన్న కారుకు బెల్టు వేశాను. పని మొత్తం నాదే. పుల్లీ బోల్టు అందడానికి ముందు కుడి చక్రం తీసి, బండిని స్టాండు మీద నిలిపాను. పని ముగిసేసరికి పదీ ఇరవై అయింది. శుక్రవారం పదిన్నరకు రాహుకాలం.

“ఇప్పుడొద్దు,” అన్నారు నాయుడుగారు బల్ల దగ్గరినుంచి. “నిమ్మకాయ తెచ్చేదానికి పోయినోడు ఇంకా రాలే. పన్నెండు దాటినాక చూసుకుందాం.”

“నేను సరిగ్గా పదిన్నరకే స్టార్ట్ చేస్తా మొదలాళీ. ఏమవుతాదో చూద్దాం.”

“నా షెడ్డులో చేస్తావా?”

“మీ షెడ్డులోనే చేయాలి. మీరు చూడాలి గదా.”

పనివాళ్ళు నవ్వారు. కొందరు భయపడ్డారు. “తిప్పొద్దు శేఖరా, మొదలాళి మాట విను” అని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. మునుసామి నా భుజం పట్టుకొని పక్కకు లాగాడు.

“డేయ్, రాహుకాలం పోతే పోనీ. ఆ రెండు చుట్లన్నా తిప్పు. నా కోసం తిప్పు.”

“నీ పిళ్ళైయారు వచ్చి తిప్పుకోమను.”

“నీకేమన్నా అయితే?”

“అయితే నువ్వే నా బొమ్మ ఈడ గోడకు తగిలించి దండ వెయ్యి” అన్నాను. నవ్వాడు. ఆ నవ్వు నాకు గుర్తుంది.

బ్యాటరీ తీగ బిగించాను. చేతులు తుడుచుకుంటూ నాయుడుగారి బల్ల దగ్గరికి పోయి, ఆయన తలమీది గడియారం కింద నిలబడి వాదం మొదలుపెట్టాను. రాహువు అనే గ్రహమే లేదని, లేనివాడికి కాలమెక్కడిదని, ఊరంతా వినేట్టు మాట్లాడాను. అప్పుడు మునుసామి ఏం చేశాడో నేను చూడలేదు. నేను తిప్పని రెండు చుట్లు నాకు బదులుగా తను తిప్పుదామని, ఎవరికీ చెప్పకుండా, చక్రం తీసిన సందులోకి వంగి స్పానరు పెట్టాడు. నాకు కీడు జరగకూడదని. బ్యాటరీ తీగ నేను బిగించేశానని అతనికి తెలియదు.

ముల్లు పదిన్నర మీదికి వచ్చింది. నాయుడుగారి వైపు తిరిగి మాట్లాడుతూనే, వెనకనుంచి వచ్చి, తలుపు తెరిచి కూర్చున్నాను. తెరిచిన తలుపు చక్రం వైపు కనపడకుండా అడ్డుగా నిలిచింది. తల బయటపెట్టి ఒక్క చూపు చూసి ఉంటే చాలు. చూడలేదు.

అప్పుడు ముందువైపునుంచి ఒక అరుపు వినపడింది.

“తిప్పొద్దు శేఖరా! తిప్పొద్దు!”

విన్నాను. గాలి కొట్టే కంప్రెసరు మోగుతోంది, అయినా విన్నాను. మునుసామి గొంతని కూడా తెలుసు. పొద్దుటినుంచి అందరూ అంటున్న మాటే కదా, వీడూ రాహువుకు భయపడుతున్నాడు అనుకున్నాను. భయపడేవాళ్ళందరికీ ఒకేసారి జవాబు చెబుదామని తాళం తిప్పాను.

మామూలుగా ఇంజన్ పలికే ముందు వచ్చే చప్పుడు రాలేదు. ముందు ఇనుము ఇనుమును కొట్టిన చప్పుడు, దాంతోపాటే ఇంకొక చప్పుడు. ఆ రెండో చప్పుడు గురించి నేను ఎవరికీ చెప్పలేను. తాళం వదిలేశాను. ఒక్క క్షణం షెడ్డులో కంప్రెసరు తప్ప ఏమీ వినపడలేదు. నేను బండి దిగలేదు. తలుపు అవతల ఏముందో చూడాలంటే భయం. ఈ మాట నిజంగా రాస్తున్నాను. మా మునుసామి కింద పడి ఉన్నాడు, నేను సీట్లో కూర్చునే ఉన్నాను. నాయుడుగారే ముందు పరుగెత్తారు.

స్పానరు బోల్టుతో పాటు గిర్రున తిరిగి, అతని చేతిని బండి చట్రానికి వేసి నలిపింది.

రాహువు నాకు చేసిన సాయం

గవర్నమెంటు ఆసుపత్రి వరండాలో నిలబడి ఉన్నప్పుడు షెడ్డువాళ్ళు గుసగుసలాడుకున్నారు. “రాహుకాలం. చెప్పినాం గదా.” నాయుడుగారు కూడా అదే అన్నారు. మునుసామి భార్య ఏడుస్తూ అదే అంది. అక్కడ ఒక్కరు కూడా, తాళం తిప్పిందెవరు, ముందు ఎవరైనా ఉన్నారా అని చూశాడా, అని అడగలేదు. రాహువు దొరికాక మనిషితో పనేముంది?

నేను నోరు మూసుకొని నిలబడ్డాను. రాహువు లేడని అరగంట ముందు ఊరంతా వినేట్టు అరిచిన నేను, ఆ వరండాలో అతని వెనక దాక్కున్నాను. పోలీసులు వస్తారని భయం. మునుసామి భార్య నా మొహం చూస్తుందని భయం. వాళ్ళ మూఢనమ్మకం నాకు గొడుగులా పనికొచ్చింది. మూఢనమ్మకం ఎందుకు అంతకాలం బతుకుతుందో నాకు ఏ సభలోనూ అర్థం కాలేదు. అక్కడ అర్థమైంది. అది తప్పు చేసినవాడికి చాలా సుఖంగా ఉంటుంది.

చూపుడు వేలు, నడిమి వేలు తీసేశారు. రెండోరోజు మునుసామికి పూర్తిగా తెలివి వచ్చింది. నలుగురం మంచం చుట్టూ ఉన్నాం. అతను అడిగిన మొదటి మాట ఇది.

“సగం చుట్టుకే లోపల తగిలింది. తగులుతానే నేను అరిచినా గదా?”

షెడ్డువాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “కంప్రెసరు మోగతా ఉండింది మునుసామీ. మాకేం వినపడలే.”

అతను నావైపు తిరిగాడు. “శేఖరా?”

“లేదు,” అన్నాను. “వినపడలా.”

తర్వాత నాయుడుగారు ఆ ఇంజన్ విప్పారు. బెల్టు రెండు పళ్ళు తప్పి ఉంది. నేను బిగించేటప్పుడు జరిగింది. రెండు వాల్వులు వంగాయి. మునుసామి చెయ్యి దాన్ని సరిగ్గానే పట్టుకుంది. ఆ చేతికి అదే ఆఖరి పని.

ఆచారం మళ్ళీ పుట్టింది

ఆ షెడ్డు వదిలేశాను. వేరే చోట్ల పనిచేశాను, చివరికి షోళింగనల్లూరులో ఒక పెద్ద సర్వీసు సెంటరులో కుదిరాను. నేను పనిచేసిన ప్రతిచోటా ఒక నియమం పెట్టాను. రిపేరు తర్వాత మొదటిసారి తాళం తిప్పే ముందు బండి చుట్టూ ఉన్న ప్రతి మనిషీ రెండు చేతులూ పైకెత్తి చూపాలి. తాళం దగ్గరున్నవాడు అన్ని చేతులూ లెక్కపెట్టుకోవాలి. ఒక్క చెయ్యి కనపడకపోయినా నేను తిప్పనివ్వలేదు. నియమం మంచిది. ఇప్పటికీ మీకు అదే చెబుతాను.

ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే మునుసామి పేరు చెప్పాలి, ఆ అరుపు గురించి చెప్పాలి. అడిగినవాళ్ళ మీద కసిరేవాణ్ణి.

నేను పని మానేసే ముందు ఏడాది, డిప్లొమా చదివిన కవిత అనే అమ్మాయి మెకానిక్‌గా చేరింది. చురుకైనది. బెల్టు పని నేర్పుతూ ఉంటే ఒకరోజు భోజనాల వేళ నా దగ్గరికి వచ్చి నిలబడింది.

“సార్, ఒకటి అడగాల. కోపం చేసుకోకూడదు.”

“అడుగమ్మా.”

“స్టార్ట్ చేసే ముందు అందరూ చేతులెత్తి మొక్కుతా ఉండారు గదా. మేము చర్చికి పొయ్యేవాళ్ళం. నేనూ ఎత్తాల్నా?”

“మొక్కడమేంటి?”

“బ్రేకులు చూసే అన్న చెప్పినాడు సార్. పాత షెడ్డులో మీకు గురువు ఉండినాడంట, ఆయన దేవుడికి మొక్కకుండా బండి తియ్యడంట. చేతులెత్తకపోతే బండికి దోషం అంట. నిజమా సార్?”

ఆ అమ్మాయి వెక్కిరించలేదు, మర్యాదగానే అడిగింది. జీవితమంతా ఆచారాల మీద కత్తి దూసిన నేను, భయంవల్ల కారణం దాచి, ఇంకొక ఆచారాన్ని పుట్టించాను. నాయుడుగారికి కారణం తెలియక చెప్పలేదు. నాకు తెలిసి చెప్పలేదు. మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ చెడ్డ గురువో మీరే తేల్చుకోండి.

కూర్చోమని, అంతా చెప్పాను. అరుపు విన్న సంగతి కూడా. మొదటిసారి ఒక మనిషి ముందు చెప్పాను. కవిత ఒక్కటే అడిగింది, “ఆయనకు తెలుసా సార్? మీకు వినపడిందని?”

మనలిలో

మునుసామి ఊరికి ఉత్తరాన, రిఫైనరీ పక్కనున్న మనలి పేటలో కూతురింట్లో ఉంటున్నాడని నాకు ఎప్పటినుంచో తెలుసు. ప్రమాదం తర్వాత అక్కడే ఒక గోదాము గేటు దగ్గర కాపలా ఉద్యోగం చేశాడు. నేను పండగలకు ఫోను చేసేవాణ్ణి, క్షేమం కనుక్కొని పెట్టేసేవాణ్ణి. కవిత అడిగిన తర్వాత కూడా పోవడానికి నాకు నెలలు పట్టింది. పని మానేశాను, ఇంట్లో కూర్చున్నాను, అప్పటికీ పోలేదు. చివరికి ఒక ఆదివారం పొద్దున బస్సెక్కాను. రిఫైనరీ వాసన మొదలయ్యేసరికి దిగి వెనక్కి పోదామా అనిపించింది.

మునుసామి అరుగు మీద కూర్చొని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి సంతోషపడ్డాడు, అది ఇంకా కష్టమైంది.

“రారా శేఖరా! దారి తప్పి వచ్చినావా?” అని, లోపలికి చూసి, “అమ్మా, కాఫీ తే. మా సామి లేడనేవాడు వచ్చినాడు” అన్నాడు.

కూతురు కాఫీ తెచ్చింది. అతను లోటాను బొటనవేలికీ చివరి రెండు వేళ్ళకూ మధ్య పట్టుకున్నాడు. ఆ మధ్యలో ఖాళీ. నేను కాఫీ తాగలేదు. ఆలస్యం చేస్తే మళ్ళీ పారిపోతానని తెలుసు.

“మునుసామీ, ఆ పొద్దు నువ్వు అరిచింది నాకు వినపడింది.”

అతను లోటా కింద పెట్టాడు. “ఏం వినపడింది?”

“తిప్పొద్దు శేఖరా అన్నావు. విన్నాను. విని తిప్పినాను. ఆసుపత్రిలో అబద్ధం చెప్పినాను.”

తిడతాడనుకున్నాను. లేచిపొమ్మంటాడనుకున్నాను. దానికి సిద్ధపడే వచ్చాను. అతను నావైపు చూడలేదు. వీధివైపు తిరిగాడు. మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు.

“నేను అరవలేదేమో అనుకుంటినే. భయానికి గొంతు రాలేదేమో, మనసులోనే అరిచినానేమో అని. అందరూ వినపడలేదంటిరి గదా, నువ్వు గూడా అంటివి. మా ఆమె అడిగితే గూడా, నేనే అరవలే, తప్పు నాదే అని చెప్తి. ఆమె పోయేదాకా అట్లనే అనుకునింది.” కుడిచేతిని ఒళ్ళోకి తీసుకున్నాడు. “ఇప్పటికీ కల్లో అరుస్తా ఉంటా శేఖరా. నోరు తెరుస్తా, శబ్దం రాదు.”

అప్పుడు అతను నా మొహంలోకి చూశాడు. చిన్నపిల్లవాడు పరీక్ష ఫలితం అడిగినట్టు అడిగాడు.

“నిజంగా అరిచినానా?”

“అరిచినావు,” అన్నాను. “రెండుసార్లు అరిచినావు.”